జాలి లేకుండా కొట్టమని రాసినందుకు

గుట్టల మీద గేర్ల సైకిళ్లు తొక్కే కుర్రవాళ్లు నలుగురు ఆమధ్య ఆదోనిలో మా ఇంటికి వచ్చారు. దారులన్నీ కంప మూసేసిందట. ఫోన్లో బొమ్మలు చూపించారు. పెట్రోలుతో తిరిగే కోత మిషను, గొలుసు రంపం, మడత రంపం, ఇంకా నాకు పేరు తెలియనివి ఏవేవో. "పెద్దాయనా, వీటిలో ఏది కొంటే మంచిది?" అని అడిగారు. "ఏదీ కొనొద్దు" అన్నాను. వాళ్ల మొహాలు చిన్నబోయాయి. టీ తాగి లేచారు. గేటు దగ్గర ఒకడు "ముసలాయనకు చాదస్తం" అన్నాడు. నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి నాయనా. చాదస్తమే. అయినా ఎందుకు కొనొద్దన్నానో రాసి పెడుతున్నాను, ఓపిక ఉంటే చదవండి.

నేను ముప్పై రెండేళ్లు ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల గుట్టల మీద అడవి కాపలా ఉద్యోగం చేశాను. వాచరుగా చేరి, ఒక బీటుకు బాధ్యుడిగా దిగిపోయాను. పెద్ద ఉద్యోగం కాదు. కుర్చీలో కూర్చున్న రోజుల కంటే బండల మీద కూర్చున్న రోజులే ఎక్కువ. నా పనిలో నాకు శత్రువు ఒకటే, మీరు సర్కారు తుమ్మ అనే ముళ్లచెట్టు. మాకు హొళగుంద వైపు నుంచి కన్నడం కలిసిపోయింది కాబట్టి దాన్ని బళ్ళారి జాలి అంటాం. అంత పొడుగు పేరు పలకడానికి బద్ధకించి వట్టి జాలి అంటాం. పుస్తకాల్లో జాలి అంటే దయ. మా గుట్టల మీద జాలి అంటే చెప్పును పొడుచుకుని మడమలోకి దిగేది. కాగితం మీద రాసేటప్పుడు ఈ రెండింటికీ తేడా చూపించకపోవడమే నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు.

నేను దిగిపోవడానికి ఎనిమిది నెలల ముందు మాట. మా బీటులో, ఎమ్మిగనూరు రోడ్డుకు కాస్త లోపలగా, ఒక గుట్ట ఉంది. దాని నడుము చుట్టూ పాత కాలిబాట. ఒకప్పుడు గొర్రెలవాళ్లు నడిచేవారు. గొర్రెలు తగ్గాక బాటను జాలి మింగేసింది. ఆదోనిలో బట్టల కొట్టు నడిపే ఒకాయన, ఆయన స్నేహితులూ కలిసి ఆ బాట మీద సైకిళ్లు తొక్కుతామని మా ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నారు. మా ఆఫీసరు గారికి ఆ ఆలోచన తెగ నచ్చింది. ఆదివారం సైకిళ్ల పోటీ, పైనుంచి పెద్దలు రావడం, జెండా ఊపడం, అన్నీ ఆయనే ఖాయం చేసేశారు.

ఆఫీసరు గారు గోదావరి వైపు మనిషి. వయసులో చిన్న. మా ఎండ కొత్త, మా మాట కొత్త. మంచివాడే. చెడ్డవాడైతే ఆయన మీద కోపగించుకోవడం నాకు సులువయ్యేది. ఆయన నన్ను పిలిచి, "దారి ఎలా బాగుచేయాలో మీరే రాసివ్వండి, కింద నేను సంతకం పెడతాను" అన్నారు. అంతటి ఆఫీసరు నన్ను రాయమన్నాడని నేను పొంగిపోయాను. గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను: "బాట పొడవునా, రెండు వైపులా, జాలి లేకుండా కొట్టించవలెను."

ఆయన చదివి కాస్త ఆశ్చర్యంగా నా వంక చూశారు. "మీరు చాలా గట్టివారండీ" అన్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

ఆ మర్నాడు ఎమ్మిగనూరు నర్సరీలో మొక్కల పని తగిలి మూడు రోజులు అక్కడే ఉండిపోయాను. మంగళవారం పొద్దున తిరిగి వచ్చేసరికి గుట్ట కింద జేసీబీ నిలబడి ఉంది. బాట మీద వంద గజాల మేర నేల ఎర్రగా బయటపడి ఉంది. ఆ వంద గజాల్లో నిన్నటిదాకా ఉన్న సీతాఫలం చెట్లన్నీ వేళ్లు పైకి పెట్టుకుని పడి ఉన్నాయి. దాని అవతల బండల నడుమ జాలి మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. బండల్లోకి మిషను దూరదు కదా మరి.

మిషనుకు ఎదురుగా, బాట మధ్యలో, ఒక రాయి మీద అక్క కూర్చుని ఉంది. అక్క అని నేను పిలిచేవాణ్నే గాని ఆమె నాకు చుట్టం కాదు. గుట్ట కింది పేటలో ఉండే కూలి మనిషి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ, చేతిలో ఎప్పుడూ ఒక కట్టె. మా బీటులో కంప కొట్టే పని ఎప్పుడు వచ్చినా ఎనిమిది మందిని వెంటేసుకుని వచ్చేది ఆమే. పని పురమాయించే కాగితం నా దగ్గర ఉండేది, పని తెలివి ఆమె దగ్గర ఉండేది. ఎనిమిది మందీ ఆమె వెనక నిలబడి ఉన్నారు.

నేను నేరుగా డ్రైవరు మీదికి వెళ్లాను. "ఎవరు కొట్టమన్నారు నిన్ను ఈ చెట్లు?" అని అరిచాను. అతనూ ఆఫీసరు గారిలాగే గోదావరి వైపు వాడే. ఏ మాత్రం తొణకకుండా జేబులోంచి చీటీ తీశాడు.

"ఏంటండీ బాబూ, నా మీదకొస్తారు! కాయితంలో ఉన్నదే చేశానండి. జాలి లేకుండా కొట్టమన్నారు, కొట్టానండి. ఇంతకంటే జాలి లేకుండా ఎవరైనా కొట్టగలరేటండి?"

నా అక్షరాలే. గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. కింద ఆఫీసరు గారి సంతకం. మీకు నవ్వొస్తుందేమో. ఆ రోజు నాకు రాలేదు.

అక్క రాయి మీద నుంచి లేవకుండానే అడిగింది: "నువ్వు రాసిందేనంట గదప్పా?"

"రాసినా అక్కా. జాలి సెట్టునే కొట్టమని రాసినా."

"సెట్టు అని యాడ రాసినావు? సదువుకున్నోనివి, ఆ ఒక్క మాట రాసేకి సెయ్యి నొప్పి పుట్టిందా?"

ముప్పై రెండేళ్లలో మెమోలు తిన్నాను, తిట్లు తిన్నాను. ఆ మాటంత ఘాటుగా ఏదీ తగల్లేదు. ఎందుకంటే అది నిజం.

ఆ సీతాఫలాలు ఏమంత గొప్ప అని అడగకండి. వానలు వెనకబట్టాక రెండు నెలలు ఆ పేటలో పొయ్యి వెలిగేది వాటి మీదే. పొద్దున్నే కోసి, బుట్టలకెత్తుకుని, సగం మంది ఆదోనికి, సగం మంది ఎమ్మిగనూరుకు పోయి అమ్ముకుంటారు. మిగిలిన బాటంతా మిషను తిరిగితే ఆ ఏడాదికే కాదు, ఇక ఎప్పటికీ ఆ పేటకు పండు లేదు. అదీ సంగతి. మీకు సైకిలు దారి కావాలి, వాళ్లకు తిండి కావాలి. రెంటికీ మధ్య అడ్డంగా నిలబడింది నా చీటీ.

ఆఫీసరు గారికి ఫోన్ చేశాను. జీపులో వచ్చారు. పడిపోయిన చెట్లను చూశారు, అక్కను చూశారు, నన్ను చూశారు. జాలి అంటే ఇక్కడ చెట్టు అని చెప్పాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. అక్క లేచి, తన చేతి కట్టెతో ఒక జాలి కొమ్మను వంచి ఆయన మొహం ముందుకు తెచ్చింది.

"ఇదీ సార్ జాలి. ముట్టుకో, తెలుస్తాది."

ఆయన ముట్టుకోలేదు గాని అర్థమైంది. నుదురు కొట్టుకున్నారు. అయినా, "సరే, తప్పు జరిగింది. కానీ ఆదివారం పై అధికారులొస్తున్నారండీ. దారి లేకపోతే నా పరువేం కావాలి? మిషనుతో మిగతాది పూర్తి చేయించేద్దాం. పొలంగట్ల మీద మొక్కలు నాటిద్దాం లెండి వాళ్లకి" అన్నారు.

"మొక్కలు కాయలెప్పుడు కాసేది సార్? అప్పటిదాకా ఏం తింటాము, ఆ జెండానా?" అంది అక్క.

అప్పుడు నాలో ఏదో తెగింది. ఎందుకో చెప్పలేను. ఎన్ని ఏళ్లుగానో "సరే సార్" అనే మాట నోట్లో నానుతూనే ఉంది. ఆ రోజు అది బయటికి రాలేదు.

"దారి ఉంటుంది సార్. మిషను మాత్రం ఉండదు" అన్నాను.

"అంటే? మీరు పని ఆపుతున్నారా?"

"మిషను పని ఆపుతున్నా. శనివారం మధ్యాహ్నానికి ఈ తొమ్మిది మందితో చేతి పనిముట్లతో దారి తెరిపిస్తా. తెరవకపోతే నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి."

"రాసిస్తారా?"

"ఇస్తాను సార్. ఈసారి జాగ్రత్తగా రాస్తాను."

జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. బళ్ళారి జాలి అనబడు ముళ్లచెట్టును మాత్రమే తొలగించవలెనని, సీతాఫలం, రేగు, తంగేడు మొదలైన వేరే ఏ చెట్టునూ ముట్టుకొనరాదని, యంత్రము గుట్ట ఎక్కరాదని, ఇందుకు బాధ్యుడను నేనేనని. ఒక ప్రతి ఆయన చేతికిచ్చాను. ఇంకొకటి జేసీబీ అద్దానికి అంటించాను. డ్రైవరు అది రెండుసార్లు చదివి, "ఇదేదో ముందే ఇలా రాస్తే పోయేది కదండీ" అని మిషను వెనక్కి తిప్పుకున్నాడు. అతనన్నదీ నిజమే.

ఇంట్లో చెబితే మా ఆవిడ తల పట్టుకుంది. "ముప్పై రెండేండ్లు వంగినోనివి, ఇంగ ఎనిమిది నెలలు వంగలేకపోయినావా?" అంది. వంగి వంగి నడుము పట్టేసిందే, ఇక వంగదు అన్నాను. ఆమె అన్నం కంచంలో దబ్బున వడ్డించింది.

ఇప్పుడు మీరడిగిన పనిముట్ల సంగతి. కంప కొట్టడానికి మొదటి పనిముట్టు కత్తి కాదు, కట్టె. చివర రెండుగా చీలిన కట్టె, పంగకట్టె అంటాం. ఒక మనిషి దానితో కొమ్మను నొక్కి అవతలికి పట్టుకుంటే, ఇంకో మనిషి మచ్చుకత్తితో మొదట్లో కొడతారు. కట్టె లేకుండా కత్తి పట్టుకున్నవాడి మొహం మీదికి ఆ కొమ్మ తిరిగి వస్తుంది. మీ ఫోన్లో చూపించిన బొమ్మల్లో అన్నీ ఉన్నాయి, ఈ కట్టె లేదు. ఎందుకంటే దాన్ని ఎవరూ అమ్మలేరు.

కొట్టడంతో జాలి చావదు. నేలకు సమంగా కోస్తే వాన పడగానే ఒకటికి పది మొలకలు లేస్తాయి. చుట్టూ సలికెతో, అంటే పారతో, జానెడు లోతు తవ్వి, గడారి అనే గునపంతో కదిలించి, మొలకలు లేచే ముడి కింద నరకాలి. ఆ వారం వాన పడి నేల మెత్తగా ఉంది, అది మా అదృష్టం. కోసిన కొమ్మను మొదలు పట్టుకుని లాగాలి, కొన పట్టుకుని లాగితే దారిలో ప్రతి ముల్లూ నేలను పట్టుకుంటుంది. ఎంత వెడల్పు కొట్టాలో అక్కకు తెలియలేదు. బట్టల కొట్టాయనను పిలిపించి, సైకిలు మీద కూర్చోబెట్టి, మోచేతులు చాచమంది. ఆయన రెండు మోచేతులకూ సరిపడా ఒక కర్ర నరికింది. నాలుగు రోజులూ ఆ కర్రే మాకు కొలత.

"ఏందక్కా, నన్ను టైలరు దగ్గర కొల్చినట్టు కొలుస్తాండావ్" అన్నాడాయన.

"అంగీ సరిపోకుంటే ఇడిసేస్తావు. ఈడ సరిపోకుంటే కండ్లు పోతాయి, కదలాక, అట్లనే ఉండు" అంది.

రెండో రోజు నాకు ఉత్సాహం ఎక్కువైంది. ఊరికే అజమాయిషీ చేస్తూ నిలబడటం బాగోలేదని నేనూ ఒక మచ్చుకత్తి పట్టుకున్నాను. నాలుగు మొదళ్లు కొట్టాను. వెనకాల వస్తున్న అక్క ఒక మోడు దగ్గర ఆగింది.

"ఎవురప్పా ఈ కోత కోసింది?"

ఏటవాలుగా తెగి, పైన మొన తేలి ఉంది ఆ మోడు. సైకిలు జారి దాని మీద పడితే కడుపులో దిగుతుంది.

"నేనే అక్కా."

"అనుకున్నాలే. పై మీద సర్కారు అంగీ ఉండాది గదా, కోత గూడా అట్లనే ఉండాది. సుమ్నే గమ్మున ఆ బండ మీద కూసో పో. ఇంగ కత్తి ముట్టుకుంటే సెయ్యి ఇరగ్గొడతా."

ఎనిమిది మందీ పగలబడి నవ్వారు. ఆ నాలుగు మోళ్లనూ వాళ్లే మళ్లీ తవ్వి తీశారు. నేను మిగతా రెండు రోజులూ నీళ్ల బిందెలు మోశాను, కత్తులు సాన పట్టించుకొచ్చాను. ఉద్యోగంలో నేను చేసిన పనికొచ్చే పనుల్లో అదొకటి.

చివరి పని నాకు బాగా నచ్చింది. శనివారం పొద్దున గోనెసంచులు నీళ్లలో ముంచి, తాళ్లు కట్టి, బాట పొడవునా ఈడ్చారు. రాలిన ముళ్లన్నీ తడి గోనెకు గుచ్చుకుని వచ్చేశాయి. ఒక్కో సంచిని దులపబోతే చేతులు పెట్టడానికి చోటు లేదు.

మధ్యాహ్నం ఆఫీసరు గారు వచ్చారు. బట్టల కొట్టాయన సైకిలెక్కాడు. మేమందరం గుట్ట కింద నిలబడి ఎదురుచూశాం. మా చేతి పని జరిగిన బాటంతా తిరిగి వస్తే ఆయన టైరుకు ఒక్క ముల్లు గుచ్చుకుంది. అక్క ఆ ముల్లు పీకి వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"ఇది జాలి ముల్లు కాదప్పా. రేగు ముల్లు. రేగును ముట్టుకోవద్దని నువ్వే గదా రాసినావు" అంది. ఆఫీసరు గారు మొహం తిప్పుకున్నారు గాని నవ్వు దాచుకోలేకపోయారు.

తర్వాత మిషను గీకిన వంద గజాలు. ఆ ముక్క చూడటానికి నున్నగా రోడ్డులా ఉంది. కానీ మిషను చక్రాలు ఎక్కడో ఒక జాలి పొదను తొక్కి, నలిపి, ముళ్లను మట్టిలో కలిపేశాయి. సైకిలు సగం దూరం కూడా పోలేదు, రెండు టైర్లూ దిగిపోయాయి. చూద్దామని వెనకే నడిచిన ఆఫీసరు గారు "అమ్మా" అని ఒంటికాలి మీద నిలబడ్డారు. బూటు అడుగులోంచి ముల్లు దిగింది. బండ మీద కూర్చుని, బూటు విప్పి, దాన్ని పీక్కుని చాలాసేపు చూశారు.

"ఇదేనా జాలి?" అన్నారు.

"అదే సార్."

ఆ వంద గజాలను వదిలేసి, మా చేతి పని జరిగిన బాట మీదే మర్నాడు పోటీ జరిగింది, జెండా ఊపారు, ఫోటోలు తీసుకున్నారు. దారి చక్కగా ఉందని పై అధికారులు ఆయన భుజం తట్టారు. ఆయన మా తొమ్మిది మందిని ముందుకు పిలిచి వాళ్ల పనేనని చెప్పారు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. మంగళవారం మాత్రం నాకు మెమో వచ్చింది, పై అధికారి ఆదేశించిన యంత్రం పనిని ఎందుకు నిలిపివేశారో సంజాయిషీ ఇవ్వమని. "రూలండీ, ఏం చేయను" అన్నారు. నేను ఒక్క వాక్యం రాశాను. జాలి లేకుండా కొట్టమని రాసింది నేనే, జాలి ఉండి ఆపిందీ నేనే, రెంటికీ నాదే పూచీ. దానికి జవాబు రాలేదు. ఆ ఫైలు ఇంకా ఎక్కడో ఉండే ఉంటుంది. ఉండనీ. నేను ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను.

గెలిచానని అనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకుంటూ రెండు నెలలు తిరిగాను.

పండ్ల కాలం వచ్చింది. ఎమ్మిగనూరు రోడ్డు పక్కన పేట ఆడవాళ్లు వరసగా బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు. అందరూ పలకరించారు, చేతిలో పండ్లు పెట్టారు. అక్క కనిపించలేదు. అడిగితే పత్తి చేలో కూలికి పోయిందన్నారు. ఆ చేను దగ్గరికే వెళ్లాను. నడుముకు ఒడి కట్టుకుని పత్తి తీస్తోంది.

"నీ బుట్ట యాడక్కా?" అన్నాను.

"నాకేం బుట్టప్పా. ఆ మిషనోడు గీకిన సోటే మాది."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ గుట్ట మీద చెట్లు ఎవరూ నాటినవి కావు, ఎవరి పేరా పట్టా లేదు, అయినా ఏ బండగుండు నుంచి ఏ బండగుండు దాకా ఏ ఇంటివో పేటలో అందరికీ తెలుసు. ఒకరి చెట్టు మీద ఇంకొకరు చెయ్యి వేయరు. ఆ వంద గజాలూ ఆమె అత్త నుంచి ఆమెకు వచ్చినవి. ఎనిమిది మందీ తలా ఒక చెట్టు కోసుకోమన్నారట, ఈమె వద్దందట.

చేని గట్టు మీద కూలబడ్డాను. ఆ మంగళవారం నేను వచ్చేసరికే ఆమె చెట్లు పోయాయి. ఆ తర్వాత రాయి మీద కూర్చుంది. నాలుగు రోజులు చెమటోడ్చి కాపాడింది అన్నీ పక్కవాళ్లవి. నా చీటీ వల్ల నష్టపోయిన ఒకే ఒక మనిషి, నాతో ఒక్క మాట చెప్పకుండా, నన్ను నవ్వించి, నా చేత నీళ్లు మోయించింది. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

"నీవన్నీ పోయినాక ఇంగ ఆ మిషనుకు అడ్డం యాల కూసున్యావక్కా?"

ఆమె పత్తి తీయడం ఆపలేదు.

"ఉన్నోళ్లకు బయం గదప్పా, ఉన్నది యాడ పోతాదోనని. నావి పోయినాయి. ఇంగ నాకేం బయం? అందుకే నేను కూసున్యా."

ఇదీ నాయనలారా, నేను చెప్పదలచుకున్నది. మిషను కొనుక్కుంటామంటే కొనుక్కోండి, నేనెవర్ని ఆపడానికి. కానీ గుట్టకు తీసుకెళ్లే ముందు పేటలోకి వెళ్లి, ఏ చెట్టు ఎవరిదో అడిగి తెలుసుకోండి. మా గుట్ట వైపు వస్తే, ఆ వంద గజాల దగ్గరికి వచ్చాక సైకిలు దిగి నడవండి. అక్కడ నేనూ అక్కా పోయిన వానలకు సీతాఫలం మొక్కలు పెట్టాం, ఇంకా మోకాలెత్తు కూడా లేవు. మేమెందుకు దిగాలి అంటారా? ఎక్కి పోయి చూడండి. బాట మధ్యలో రాయి మీద ఒకామె కూర్చుని ఉంటుంది. మిమ్మల్ని ఆమే దింపుతుంది.